ట్రైనింగ్ పేరుతో సగం జీతమా?

‘అన్నా, డిగ్రీ అయ్యాక హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి మడివాళలో బట్టల షాపులో చేరాను. కుర్రాడివి, ఆరు నెలలు ట్రైనింగ్ అంటూ పక్క కౌంటర్ వాళ్లకిచ్చే దాంట్లో సగమే ఇస్తున్నారు. మంగళవారం ఒక్కటే సెలవు. అడిగితే పని పోతుందేమో?’ అని ఒక తమ్ముడు అడిగాడు.

తమ్ముడూ, నీకు 18 నిండాయి. కనీస వేతనం పనిని, నైపుణ్యాన్ని, ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. కుర్రాడివని తగ్గించడానికి లేదు. అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం రాసుకుని స్టైపెండ్ ఇచ్చే పద్ధతి వేరు. షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా చీరలు మడతపెట్టించి, నోటిమాటగా ట్రైనింగ్ అంటే చెల్లదు.

‘ఒప్పుకునే చేరావుగా’ అంటారు. ఆ మాటకు బెదరకు. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం వెట్టిచాకిరీ కిందికే వస్తుందని 1982లోనే సుప్రీంకోర్టు ఆసియా క్రీడల కూలీల కేసులో తేల్చింది. ఆకలికి తలొగ్గి చేసే పని కూడా బలవంతపు పనేనంది.

నేను వచ్చిన కొత్తలో నెలాఖరున రెవెన్యూ స్టాంపు అంటించిన వోచరు ముందు పెట్టేవాళ్లు. అంకె ఉండాల్సిన చోటు ఖాళీ. పెన్సిల్‌తో చిన్న గీత గీసి ‘ఇక్కడ పెట్టు’ అనేవాడు క్యాషియరు. ఏడు నెలలు పెట్టాను. అందులో తర్వాత ఎంత రాసుకున్నారో నాకు ఈనాటికీ తెలీదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. నువ్వు మాత్రం అంకె చూడకుండా సంతకం పెట్టకు.

జీతం బ్యాంకులో వేయమను, స్లిప్పు అడుగు. పీఎఫ్ కోస్తుంటే యూఏఎన్ (నీ పీఎఫ్ నంబరు)తో ఖాతా తెరిచి డబ్బు పడుతోందో లేదో చూడు. ఈఎస్ఐకి, అంటే కార్మికుల ఆరోగ్య బీమాకి, జీతంలో నీ వాటా 0.75 శాతమే. అదనపు గంటలకు రెట్టింపు రావాలి. వచ్చిన టైమూ వెళ్లిన టైమూ రోజూ ఫోన్‌లో రాసుకో, రేపు సాక్ష్యం అదే.

ఇక్కడ కర్ణాటకలో కనీస వేతనాన్ని ‘కనిష్ఠ వేతన’ అంటారు. ఏటా ఏప్రిల్ 1 నుంచి కరువు భత్యం మారుతుంది కాబట్టి కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో ఈ ఏటి పట్టికే చూడు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్ ప్రకారం బకాయి కోసం మూడేళ్లలోపు అడగొచ్చు. పని మానేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి.

కార్మిక శాఖ ఆఫీసు ఉండే కార్మిక భవన్ బన్నేరుఘట్ట రోడ్డులో ఉంది. ఒంటరిగా వెళ్లకు. ఈ మంగళవారం నీ రాతలు, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకురా, ఇద్దరం కలిసి వెళ్దాం.