సీఎస్ఎస్ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలా, రియాక్ట్‌లో చేరాలా?

ప్రశ్న: ఖమ్మంలో బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతున్నాను. రెడీమేడ్ స్టైల్స్ ఇచ్చే ఫ్రేమ్‌వర్క్ బూట్‌స్ట్రాప్‌తో నాలుగైదు వెబ్ పేజీలు చేశాను. మొన్న ఒక ఇంటర్వ్యూలో ఖాళీ ఫైల్ ఇచ్చి, ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా మూడు కార్డులు (సమాచారం ఉన్న పెట్టెలు) పక్కపక్కన పెట్టి, ఫోన్‌లో ఒకదాని కింద ఒకటి వచ్చేలా చేయమన్నారు. కాళ్లూ చేతులూ ఆడలేదు. నాన్న అప్పు చేసైనా అమీర్‌పేటలో రియాక్ట్ కోర్సులో చేర్పిస్తానంటున్నారు. చేరమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు తమ్ముడూ. రియాక్ట్ వెబ్ పేజీలు కట్టడానికి మంచి జావాస్క్రిప్ట్ పనిముట్టే, కానీ ఇంటర్వ్యూలో నువ్వు ఆగిపోయింది దాని దగ్గర కాదు. రియాక్ట్‌లో రాసినా కార్డుల్ని స్క్రీన్ మీద సర్దేది సీఎస్ఎస్సే, అంటే పేజీ రూపాన్ని నిర్ణయించే భాషే. అప్పు మాట ఒక నెల ఆపమని నాన్నగారికి చెప్పు.

ముందు ఆ ప్రశ్ననే తీసుకుందాం. చాలామంది కార్డుకి 33 శాతం విడ్త్ పెడతారు, మూడోది కిందికి జారితే 32 అంటారు, ఇంకా జారితే 31 అంటారు, ఎందుకు జారిందో మాత్రం చూడరు. విడ్త్ 300 పిక్సెల్స్ అని రాసి, రెండు వైపులా 20 చొప్పున ప్యాడింగ్ (లోపలి ఖాళీ), 1 చొప్పున బోర్డర్ (అంచు గీత) ఇస్తే ఆ పెట్టె నిజానికి 342 పిక్సెల్స్ ఆక్రమిస్తుంది. బాక్స్ సైజింగ్‌ని బోర్డర్ బాక్స్ చేస్తే అన్నీ ఆ 300 లోపలే సర్దుకుంటాయి, అందుకే ఆ లైను స్టైల్‌షీట్ మొదట్లోనే రాసుకోవాలి. కార్డుల మధ్య ఖాళీకి మార్జిన్ (పెట్టె బయటి ఖాళీ) బదులు గ్యాప్ వాడు. ముందు ఫోన్‌కి రాయి: గ్రిడ్ (పేజీని అడ్డం, నిలువు గళ్లుగా విడదీసే పద్ధతి), ఒకే నిలువు వరుస, అంతే. తర్వాత 768 పిక్సెల్స్ దాటిన స్క్రీన్‌కి ఒక మీడియా క్వెరీ (స్క్రీన్ సైజుని బట్టి వర్తించే రూలు) పెట్టి మూడు నిలువు వరుసలు చెయ్యి. హెచ్‌టీఎంఎల్ హెడ్‌లో, పేజీని ఫోన్ వెడల్పుకే చూపించమనే వ్యూపోర్ట్ ట్యాగ్ మర్చిపోతే ఫోన్ నీ పేజీని పెద్ద స్క్రీన్ పేజీలాగే కుదించి చూపిస్తుంది, చేసిందంతా వృథా. పది లైన్ల పని ఇది, కానీ ప్రతి లైనూ ఎందుకుందో నోటితో చెప్పగలగాలి, ఇంటర్వ్యూలో చూసేది దాన్నే. గ్రిడ్ 2017లోనే పెద్ద బ్రౌజర్లలోకి వచ్చేసింది, కాబట్టి ఇంకా ఫ్లోట్‌లతో (పెట్టెల్ని పక్కకి జరిపే పాత పద్ధతి) పేజీ కట్టడం నేర్పే వీడియోలు కనిపిస్తే వదిలెయ్.

ఇక ఈ నెలకి ఒకే ఒక్క ప్రాజెక్టు చెయ్యి: ఖమ్మం నుంచి చుట్టుపక్కల ఊళ్లకి వెళ్లే బస్సుల టైములు, తెలుగులో. ఎందుకు తెలుగులో అంటున్నానంటే, బూట్‌స్ట్రాప్ కింద దాక్కునే తప్పులన్నీ అక్కడ బయటపడతాయి. కొత్తగూడెం, సత్తుపల్లి, ఇల్లెందు, అన్నిటికీ ఒత్తులే. లైన్ హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు) 1.2 ఉంచితే పై లైను ఒత్తు వచ్చి కింది లైను గుణింతాన్ని తాకుతున్నట్టు ఉంటుంది, 1.6తో మొదలుపెట్టి కంటికి నచ్చేదాకా మార్చుకో. బటన్‌కి ఎత్తు పిక్సెల్స్‌లో బిగించి, మిగిలింది దాచేయమంటే ఒత్తు సగానికి తెగిపోతుంది. ఎత్తు ఇవ్వకు, ప్యాడింగ్ ఇవ్వు, లోపలి అక్షరాలే ఎత్తుని నిర్ణయిస్తాయి. ఇంగ్లిష్ హెడ్డింగుల్లో అందంగా కనిపించే లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఖాళీ) తెలుగుకి పెడితే పదం విడిపోయినట్టు అవుతుంది, ముట్టుకోకు. ఫాంట్ సైజులు పిక్సెల్స్‌లో కాక, బ్రౌజర్ అక్షరాల సైజుని బట్టి మారే కొలత రెమ్‌లో రాయి. మామూలుగా ఒక రెమ్ అంటే 16 పిక్సెల్స్, కానీ చూపు ఆనని పెద్దాయన బ్రౌజర్ సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంటే నీ పేజీ కూడా ఆయన మాట వింటుంది. టైముల పట్టిక ఫోన్‌లో పట్టకపోతే దాన్ని ఒక డివ్‌లో (పెట్టెలా పనిచేసే ట్యాగ్) పెట్టి ఆ డివ్ మాత్రమే పక్కకి జరిగేలా చెయ్యి, పేజీ మొత్తం జరగకూడదు.

రంగుల విషయంలో ఒక్కమాట. ఈ పేజీని మిట్టమధ్యాహ్నం బస్టాండులో నిలబడి చూస్తారు. తెల్లటి మీద లేత బూడిద రంగు అక్షరాలు స్టైల్‌గా ఉంటాయనిపిస్తుంది గానీ ఎండలో కనబడవు. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్ (అక్షరం రంగుకీ వెనక రంగుకీ తేడా) కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు చెప్తాయి, బ్రౌజర్ డెవ్‌టూల్స్‌లో (పేజీ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ అంటే తెరుచుకుంటాయి) రంగు మీద నొక్కితే ఆ లెక్క కనిపిస్తుంది.

ఇంకొకటి, నాకు చాలా బాధ కలిగించే అలవాటు: స్టైల్ పనిచేయకపోతే వెంటనే ఇంపార్టెంట్ (ఈ రూలే గెలవాలని చెప్పే గుర్తు) తగిలించడం. ఒకటి పెడితే దాన్ని దాటడానికి ఇంకోటి కావాలి, నెల తర్వాత ఆ ఫైల్ తెరవాలంటే రాసినవాడికే భయం. ఐడీ (ఒక్క ఎలిమెంటుకే పెట్టే పేరు) సెలెక్టర్ ముందు ఎన్ని క్లాసులు (ఎన్నిటికైనా పెట్టగల పేర్లు) పేర్చినా ఓడిపోతాయి, కాబట్టి స్టైలింగ్‌కి ఐడీలు వాడకుండా చిన్న క్లాసులతోనే సరిపెట్టు. రూలు ఎందుకు ఓడిందో ఊహించొద్దు, ఇన్‌స్పెక్ట్ చేస్తే కొట్టివేత గీతతో కనిపిస్తుంది, దాన్ని ఓడించిన రూలు కూడా అక్కడే ఉంటుంది.

చదవడానికి ఎండీఎన్ (వెబ్ పాఠాలూ వివరణలూ ఉన్న మొజిల్లా సైటు) చాలు, ఉచితం. పేజీని అందరూ చూసేలా ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టు, దానికీ డబ్బు అక్కర్లేదు. లింకు రెజ్యూమె పైభాగంలో ఉంచు. అప్పుడు మళ్లీ ఖాళీ ఫైల్ తీసుకుని, ఏమీ చూడకుండా ఆ మూడు కార్డులు కట్టు. అరగంటలో అయిపోతే రియాక్ట్ సొంత వెబ్‌సైట్‌లోని పాఠాలతో మొదలుపెట్టు, అవీ ఉచితమే. అక్కడ ఎక్కడైనా ఆగిపోయి, పక్కన కూర్చుని చెప్పేవాళ్లు కావాలనిపిస్తే అప్పుడు అమీర్‌పేట సంగతి నాన్నగారితో మాట్లాడు.