కొబ్బరిపాల థాయ్ సూప్

ప్రశ్న: థాయ్ తరహా కొబ్బరిపాల సూప్ చేస్తే పాలు విరిగినట్లవుతున్నాయి. పైగా అందులో వాడే గలంగల్ దుంప (అల్లం లాంటిది) మాకు దొరకదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కొబ్బరి నుంచి మొదట తీసిన చిక్కటి పాలను, తర్వాత తీసిన పలుచటి పాలను వేరువేరుగా ఉంచండి. ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉల్లిగడ్డ, అల్లం, నిమ్మగడ్డి, ధనియాలు నూరిన ముద్దను కొద్ది నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, పలుచటి పాలు పోసి, కూరగాయలనో కోడిమాంసాన్నో అందులోనే ఉడికించిన తర్వాత, చిక్కటి పాలను చివర్లో సన్నటి సెగ మీద కలపాలి. ఆపైన తెర్లనివ్వకపోతే విరగవు. గలంగల్ రుచి అల్లానికి అచ్చంగా రాదు గానీ, ఇంటి వంటకు అల్లమే చాలు. నిమ్మగడ్డిని మాత్రం వదలకండి, కుండీలోనూ పెరుగుతుంది. ఈ సూప్‌లో ఉప్పదనానికి వేసే చేపల సాస్‌కు బదులు శాకాహారులు సోయాసాస్ వాడవచ్చు. నిమ్మరసం దించిన తర్వాతే పిండాలి. చిక్కగా ఉంచితే అన్నంలోకి, పలుచగా చేస్తే నూడుల్స్‌కు సరిపోతుంది.