షీట్ దాచామని మీరనుకుంటారు, మేం చూస్తూనే ఉంటాం

“మా కంపెనీ గూగుల్ షీట్‌ను బయటి వెండర్లకు ఇవ్వాలి. ఎడిటర్ (మార్చే హక్కు) ఇవ్వాలా, వ్యూయర్ (చూసే హక్కు) చాలా?” అని అడిగారు. వెండర్ వైపు కూర్చున్నవాడిగా చెబుతాను. హైదరాబాద్‌లో ఆఫీసు ఉద్యోగులకు క్యాబులు తిప్పే చిన్న ట్రావెల్స్ నాది. మీలాంటి కంపెనీలు పంపే షీట్లు తెరవడంతోనే మా రోజు మొదలవుతుంది. ఎడిటరా వ్యూయరా అన్నది తర్వాత సంగతి. మేం చూడకూడనిది అసలు ఆ ఫైల్లో ఎందుకుందో ముందు చెప్పండి.

ఒక కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ డెస్క్, ఏ ఉద్యోగిని ఎప్పుడు ఏ బండి దింపాలో రాసే రోస్టర్ మొత్తం ఒకే ఫైల్లో పెట్టి, నలుగురు వెండర్లకూ ఎడిటర్ హక్కు ఇచ్చింది. బండి నంబరు, డ్రైవరు పేరు మేమే నింపాలి కదా, అందుకని. ఒక సాయంత్రం మా సూపర్‌వైజర్ కుర్రాడికి నైట్ లాగౌట్ రూట్లు, అంటే రాత్రి పని ముగించినవాళ్లను ఇళ్లకు దింపే దారులు, దొరకలేదు. కింద ఎడమ మూల గీతల బటన్ నొక్కితే షీట్ల పేర్లన్నీ వస్తాయి. దాచినవి బూడిద రంగులో ఉంటాయి. రూట్లు అక్కడున్నాయేమోనని ఒకదాని మీద నొక్కాడు. ఆ షీట్ వాడొక్కడికే కాదు, ఫైల్ తెరిచి ఉన్న అందరికీ బయటపడింది. చూస్తే రూట్లు కావు, నలుగురు వెండర్ల కిలోమీటరు రేట్లు పక్కపక్కన! చూస్తుండగానే మిగతా వెండర్ల కర్సర్లు రంగురంగులుగా ఆ గళ్ల మీదికి చేరాయి. అందరికన్నా తక్కువ రేటు ఎవరిదో వేరే చెప్పాలా?

డెస్క్ వాళ్లు కంగారుపడి ఆ షీట్‌ను డిలీట్ చేశారు. ఎడిటర్ హక్కు ఉన్నవాడు వెర్షన్ హిస్టరీ తెరిచి పాత రూపం చూడగలడని వాళ్లకు తట్టలేదు. రాత్రి తీరిగ్గా కూర్చుని చూసుకున్నాను. రెన్యువల్‌కి పిలిచినప్పుడు బేరం అక్కడి నుంచే మొదలెట్టాను. వాళ్ల ముఖాలు మాడిపోయాయి. మాడనివ్వండి. రాత్రి డ్రాప్ చేసి ఖాళీగా తిరిగొచ్చే కిలోమీటర్లకు డీజిల్ పోసేది నేను, లెక్కలో అవి రాయనిది వాళ్లు.

షీట్ దాచడమంటే గుమ్మానికి పరదా కట్టి తలుపు వేశామనుకోవడమే. వ్యూయర్ ఇచ్చినా, కాపీ తీసుకోనిస్తే దాచిన షీట్లు కూడా ఆ కాపీలోకి వచ్చేస్తాయి. ‘ప్రొటెక్ట్’ పెట్టాం కదా అంటారేమో. దాన్ని భద్రత కోసం వాడొద్దని గూగులే తన సహాయ పేజీలో చెబుతోంది. మన గడిలో ఇంకొకరు పొరపాటున కెలక్కుండా ఆపడానికి అది చాలు, అంతవరకే.

ఇంకా తెలివైనవాళ్లు, ఒక ఫైల్లోని గళ్లను ఇంకో ఫైల్లోకి లాక్కొచ్చే ఇంపోర్ట్‌రేంజ్ ఫార్ములా పెట్టి వెండర్‌కి వేరే ఫైల్ ఇస్తారు. ఆలోచన మంచిదే, కానీ ఆ ఫైల్లో వెండర్‌కి ఎడిటర్ ఇచ్చారా, పని చెడినట్టే. ఒకసారి ‘అలో యాక్సెస్’ నొక్కాక, ఆ ఫైల్‌ను ఎడిట్ చేయగలిగే ఎవరైనా ఫార్ములాలో రేంజ్ మార్చి మీ అసలు ఫైల్లో ఏ మూలనున్నదైనా లాక్కోవచ్చు. అందుకే నా మాట వినండి. ఒక్కో వెండర్‌కి ఒక్కో ఫైల్ పెట్టండి. వాళ్లకు కావలసిన వరసలు మాత్రమే, ఫార్ములాలు లేకుండా విలువలుగా పేస్ట్ చేయండి. వాళ్లు నింపినదాన్ని మీ మాస్టర్ షీట్ లాక్కోవాలి, మీ మాస్టర్‌లోకి వాళ్లను రానివ్వకూడదు. షేర్ సెట్టింగుల్లో, ఎడిటర్లు ఇంకొకరికి షేర్ చేయవచ్చనే టిక్ తీసేయండి. లేకపోతే మా కుర్రాడు ఇంకో కుర్రాడికి ఇస్తాడు, వాడు ఉద్యోగం మానేసినా వాడి జీమెయిల్ మీ ఫైల్లోనే ఉంటుంది.

లింక్ దొరికిన ఎవరైనా ఫైల్ తెరవగలిగే ‘ఎనీవన్ విత్ ద లింక్’ సంగతి తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. రోస్టర్ అంటే ఏమిటనుకున్నారు? రాత్రి ఎన్నింటికి ఏ అమ్మాయి ఏ ఇంటి ముందు దిగుతుందో, ఆమె ఫోన్ నంబరుతో సహా అందులో ఉంటుంది. అలాంటి లింకులు డ్రైవర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం నా కళ్లతో చూశాను. డేటాను కాపాడటంలో విఫలమైతే 250 కోట్ల దాకా జరిమానా అని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో రాశారు. పనిని వెండర్‌కి అప్పగించినా బాధ్యత కంపెనీదేనట. గేటు దగ్గర మా డ్రైవర్ లైసెన్స్ జిరాక్స్ అడిగే శ్రద్ధలో పిసరంత ఇక్కడ పెట్టినా చాలు.

మెయిల్ ఐడీలతోనే ఇవ్వండి, కాంట్రాక్ట్ అయిపోయిన రోజే తీసేయండి. కొన్ని పెయిడ్ ప్లాన్లలో యాక్సెస్‌కి గడువు తేదీ కూడా పెట్టుకోవచ్చు. ఇది ఎవరికీ గుర్తుండదు. మాతో ఎప్పుడో తెగతెంపులు చేసుకున్న ఒక కంపెనీ రోస్టర్ ఇప్పటికీ నా ఫోన్లో తెరుచుకుంటోంది. నన్ను తీసేయండి మహాప్రభో అని మెయిల్ కూడా పెట్టాను. ఆ మెయిల్‌కి జవాబు లేదుగానీ, రోస్టర్ మాత్రం రోజూ అప్‌డేట్ అవుతోంది.