పాత జిప్సీకి ఇంట్లోనే మరమ్మతులు: బానెట్ ఎత్తే ముందు బండి కింద చూడండి

కందుకూరు దగ్గర ఒక పాత మారుతి జిప్సీ అమ్మకానికి వచ్చిందనీ, ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొంటే దాని పనులు ఇంటి దగ్గరే చేసుకోగలమా లేక ఎప్పుడూ షెడ్డు చుట్టూ తిరుగుతూ ఉండాలా అనీ మీరు అడిగారు. చేసుకోగలరు. నేను కావలికి తూర్పున, సముద్రపు గాలి తగిలే ఊళ్లో రొయ్యల చెరువులు చూసుకుంటూ చాలా ఏళ్లుగా అలాంటి బండినే వాడుతున్నాను, దాని పనుల్లో ఎక్కువ భాగం నా చేతులతోనే చేసుకుంటున్నాను. ఈ బండి గురించి సలహా చెప్పేవాళ్లు నూటికి తొంభై మంది బానెట్ ఎత్తి మాట్లాడతారు. మన కోస్తాలో జిప్సీ ఇంజను పోయి మూలపడటం నేను చూడలేదు, అడుగు భాగం పాడై మూలపడటమే చూశాను. కాబట్టి నా జవాబంతా బండి అడుగు గురించే ఉంటుంది.

ఇంజను సంగతి నాలుగు మాటల్లో తేలిపోతుంది. 1985లో ఈ బండి 970 సీసీ ఇంజనుతో వచ్చింది, 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌కు 1298 సీసీ ఇంజను పెట్టారు, 2000లో కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 2019లో మామూలు జనానికి అమ్మడం ఆగిపోయినా, సైన్యమూ పోలీసు శాఖలూ అన్నేళ్లు వాడిన బండి కాబట్టి విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. వేళకు ఆయిలు, ఫిల్టరు, టైమింగ్ బెల్టు మార్చి, రేడియేటరులో బోరు నీళ్లకు బదులు కూలెంట్ పోసినంత కాలం ఆ ఇంజను మిమ్మల్ని ఇబ్బంది పెట్టదు.

అసలు విషయం ఏమిటంటే, మామూలు కారుకు లేని ఆయిలు చోట్లు ఈ బండికి ఉన్నాయి. ఇంజను, గేరుబాక్సు కాక, ముందు ఇరుసుకు ఒక హౌసింగు (చక్రాలను తిప్పే గేర్లుండే ఇనుప గుల్ల), వెనక ఇరుసుకు ఒక హౌసింగు, మధ్యలో ఇంజను బలాన్ని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటాయి. జిప్సీలో ఈ ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకు అతుక్కొని ఉండదు, విడిగా బిగించి ఉంటుంది, రెండింటినీ ఒక పొట్టి షాఫ్టు కలుపుతుంది. ఇంజనుకు ఆయిలు చూసే కడ్డీ ఉంది కాబట్టి అందరూ దాన్ని తీసి, తుడిచి, చూసి తృప్తిపడతారు. మిగిలిన చోట్ల కడ్డీ లేదు, పానా పట్టి బోల్టు విప్పి వేలు పెట్టి చూడాలి, అందుకని ఎవరూ చూడరు. ఆ వేలు పెట్టి చూసే ఓపిక మీకు ఉంటే చాలు, సగం మెకానిక్ అయిపోయినట్టే.

2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి, జాతీయ రహదారి మీద కూడా రాకపోకలు నిలిచిపోయిన రోజులవి. విడవలూరు వైపు మా బావమరిది చెరువుల దగ్గర జనరేటరు మునిగిపోయేలా ఉందని కబురొస్తే, అల్లూరు మీదుగా జిప్సీ తీసుకొని వెళ్లాను. చివరి దారిలో నీళ్లు చక్రాల హబ్బుల పైదాకా ఉన్నాయి, అడ్డంగా పడిన చెట్టును నరికేదాకా బండి ఆ నీళ్లలోనే నిలబడింది. పని పూర్తయింది, జనరేటరు గట్టెక్కింది, బండి ఏ పేచీ పెట్టకుండా ఇంటికి వచ్చింది. మరుసటి రోజు ఉదయం నేను బండి కింద గోనెపట్టా పరుచుకొని పడుకుంటే, వెంట వచ్చిన బావమరిది, "ఏంది బావా, బాగానే నడస్తా ఉండాది గదా, ఇప్పుడు విప్పేదేంది?" అని అడిగాడు. ఊళ్లో షెడ్డు మెకానిక్ కూడా ఆ ముందు రాత్రి ఫోనులో, "ఆర్నెల్ల దాకా దాన్ని ముట్టుకోపన్లేదు సార్" అని గట్టిగానే చెప్పాడు.

ముందుగా వెనక హౌసింగుకు ఆయిలు పోసే పై బోల్టు విప్పాను. ఈ వరస చాలా ముఖ్యం. పై బోల్టు తుప్పుకు పట్టేసి కదలకపోతే, కింది బోల్టు విప్పి ఆయిలంతా కార్చేసిన బండిలోకి కొత్త ఆయిలు పోసే దారి ఉండదు. ఆ తర్వాత కింది బోల్టును నెమ్మదిగా వదులు చేస్తే, మొదట ఆయిలు రాలేదు. స్వచ్ఛమైన నీళ్లు ఒక గుక్కెడు బోల్టు మర చుట్టూ తిరిగి నా మణికట్టు మీదుగా జారాయి, ఆ వెనక పాలు ఎక్కువైన కాఫీ రంగులో చిక్కటి ఆయిలు తాడులాగా దిగడం మొదలైంది. బావమరిది మరి మాట్లాడలేదు, బక్కెట్టు తెచ్చి పట్టాడు.

సీళ్లు, అంటే ఆయిలు కారకుండా ఆపే రబ్బరు రింగులు, బాగున్న హౌసింగులోకి నీళ్లు ఎలా వెళ్లాయన్నది తెలిస్తే ఈ బండి నిర్వహణ మొత్తం తెలిసినట్టే. దారి పొడవునా పరుగెత్తి వచ్చిన హౌసింగు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. అది ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి పీల్పు పుడుతుంది. ఆ పీల్పుకు గాలి అందించడానికే హౌసింగు నెత్తిన బ్రీదరు అనే చిన్న గొట్టం పెట్టారు. అది బురదతో పూడుకుపోతే పీల్పు సీలు పెదవుల సందుల్లోంచి నీళ్లను లాగుతుంది, బ్రీదరు తెరుచుకొని ఉండి నీళ్లలో మునిగితే దాని గుండానే నీళ్లు దిగుతాయి. నా బండి బ్రీదరు టోపీ వేలితో తిప్పితే కదలనైనా కదల్లేదు, లోపల గట్టిపడిన మట్టి ఉంది. దాన్ని విప్పి డీజిలులో కడిగి, దాని స్థానంలో ఒక పెట్రోలు గొట్టం బిగించి, ఆ గొట్టాన్ని బండికి అస్థిపంజరం లాంటి ఛాసిస్ వెంబడి తెచ్చి ఇంజను గది వెనక గోడ పైభాగాన కట్టి, కొసను కిందికి వంచి వదిలాను. ముందు హౌసింగుకూ అలాగే చేశాను. ఖర్చు కొన్ని అడుగుల రబ్బరు గొట్టం, నాలుగు క్లిప్పులు. తర్వాత కొత్త ఆయిలు పోసి, కొన్ని కిలోమీటర్లు నడిపి, వేడిగా ఉండగానే దాన్నీ కార్చేసి, మళ్లీ పోశాను. అప్పటినుంచి ఏ వానకూ ఆయిలు రంగు మారలేదు.

అదే వరదలో తిరిగిన మరో జిప్సీ సంగతి కూడా చెప్పాలి. దాని యజమాని ఆర్నెల్ల మాట నమ్మాడు. ఉగాది నాటికి వెనక నుంచి మూలుగు మొదలైంది, విప్పి చూస్తే హౌసింగులోని పినియన్ అనే చిన్న గేరు బేరింగుల మీద తుప్పు గుంటలు పడ్డాయి, అది తిప్పే క్రౌను అనే పెద్ద పళ్ల చక్రం పళ్లు కూడా తిని ఉన్నాయి. ఆయిలు మార్చడానికి అయ్యే ఖర్చు ఎంత, క్రౌను సెట్టు మార్చడానికి అయ్యే ఖర్చు ఎంత అన్నది మీరే బేరీజు వేసుకోండి.

ముందు చక్రాల విషయంలోనూ మూలం ఇదే. స్టీరింగుతో తిరిగే గుండ్రటి బంతి భాగం లోపల గ్రీజు ఉంటుంది, హౌసింగు ఆయిలు అక్కడికి రాకుండా లోపల ఒక సీలు ఆపుతుంది. బంతి మీద నల్లటి పలచని జిడ్డు కారుతుంటే ఆ సీలు దాటి ఆయిలు గ్రీజులో కలుస్తోందని అర్థం. షెడ్డులో దానికి సీలు మారుస్తారు, ఆ తర్వాత మళ్లీ మారుస్తారు, పై నుంచి నాసిరకం సీలు అని కంపెనీని తిడతారు. బ్రీదరు మూసుకుపోతే వేడికి పెరిగిన ఒత్తిడి ఎంత మంచి సీలునైనా దాటి ఆయిలును తోసేస్తుంది. బ్రీదరు శుభ్రం చేయకుండా సీలు మార్చడం డబ్బు పారేసుకోవడమే, ఈ మాట నేను ఎంతమంది మెకానిక్కుల ముందైనా చెబుతాను.

గేరుబాక్సుకు, ట్రాన్స్‌ఫర్ కేసుకు, హౌసింగులకు ఏ ఆయిలు పోయాలో బండితో వచ్చిన పుస్తకంలో చూసి కొనండి. చాలా షెడ్లలో ఒకే డబ్బాలోని 90 నంబరు ఆయిలును అన్నింటికీ పోస్తారు. హౌసింగుల కోసం చేసిన జీఎల్-5 రకంలో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువగా ఉంటాయి, అవి గేరుబాక్సులో గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి రింగులకు మంచివి కావు. గేర్లు పడటం లేదని వచ్చే పాత బండ్లలో కొన్నింటికి రోగం ఇదే అయి ఉంటుందని నా గట్టి నమ్మకం. ఆయిలు ఎంత పోయాలన్న దిగులు అక్కర్లేదు, సమతలం మీద నిలిపి పై బోల్టు రంధ్రం అంచు నుంచి తిరిగి కారేదాకా పోస్తే సరిపోతుంది.

ఇక ఉప్పు. మైపాడు బీచిలోనో రామాయపట్నం ఇసుకలోనో బండి తిప్పితే, అదే రోజు మంచినీళ్లతో అడుగు కడగాలి. నాకు బాధ కలిగించే విషయం ఏమిటంటే, సముద్రం పక్క ఊళ్లలో వాటర్ వాష్ చేసేచోట వాడేదే ఉప్పు బోరు నీళ్లు, అంటే డబ్బు తీసుకొని బండి అడుగుకు ఉప్పు పట్టిస్తున్నారన్నమాట. ఆ పైన తుప్పు పట్టకుండా అంటూ కమాన్ల (బండి బరువు మోసే పట్టీల స్ప్రింగుల) మీద, ఛాసిస్ మీద వాడేసిన ఆయిలు, డీజిలు కలిపి పిచికారీ చేస్తారు. అది రబ్బరు బుష్షులను ఉబ్బించి మెత్తబరుస్తుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది, ఆ దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది. ఛాసిస్ డొల్లగా ఉండే పెట్టె లాంటిది, అది లోపలి నుంచి తుప్పు పడుతుంది. అడుగున నీళ్లు కారడానికి ఉన్న రంధ్రాలు మట్టితో మూసుకోకుండా అప్పుడప్పుడు సన్నటి తీగతో పొడిచి, మంచినీటి పైపును లోపలికి పెట్టి కడగండి. షాఫ్టుల కొసల్లో కీళ్లలా పనిచేసే క్రాసులకు గ్రీజు గన్నుతో గ్రీజు కొట్టేటప్పుడు పాత గ్రీజు నాలుగు వైపుల నుంచీ బయటికి వచ్చేదాకా కొట్టండి, ఒక్క వైపు రాకపోయినా ఆ వైపు సూదుల్లాంటి బేరింగులు ఎండిపోతున్నట్టే.

ఫోర్ వీల్ గేరును తారు రోడ్డు మీద వేయవద్దు. ఈ బండిలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు, మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనక చక్రాలు తక్కువ దూరం తిరుగుతాయి, ఆ తేడాను ఇసుక, బురద భరిస్తాయి కానీ తారు భరించదు. ఆ బిగువంతా ట్రాన్స్‌ఫర్ కేసు గేర్ల మీద, క్రాసుల మీద పడుతుంది. అరిగిన టైర్లు ముందు ఉంచి కొత్తవి వెనక వేసినా ఇదే తిప్పలు వస్తాయి, నాలుగూ ఒకే కొలతలో ఉండాలి. అలాగని లీవరును నెలల తరబడి ముట్టుకోకుండా వదలకూడదు, మెత్తటి నేల దొరికినప్పుడల్లా కాసేపు వేసి నడపాలి, లేకపోతే లింకులు పట్టేస్తాయి.

ఇంట్లో చేయకూడని పనులూ ఉన్నాయి. క్రౌను, పినియన్ల మధ్య సందు సరిచేయడం కొలత పరికరమూ అనుభవమూ ఉన్న మేస్త్రి పని, దానికి నెల్లూరు ఆటోనగర్‌లోనో ఒంగోలులోనో పెద్దవయసు చేయి వెతుక్కోండి. ఇక ఏ పనికైనా, జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరవద్దు. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు, ఛాసిస్ కింద స్టాండు లేదా దృఢమైన దుంగ పెట్టిన తర్వాతే పడుకోండి.

మీరు చూడబోయే బండి దగ్గరకు ఒక టార్చి లైటు, ఒక స్క్రూడ్రైవరు, సరిపోయే పానా తీసుకెళ్లండి. వెనక కమాన్లు ఛాసిస్‌కు తగిలే చోట స్క్రూడ్రైవరుతో నొక్కి చూడండి, పెచ్చులు రాలితే సరే, లోపలికి దిగితే వద్దు. యజమానిని అడిగి వెనక హౌసింగు పై బోల్టు విప్పి వేలు పెట్టి ఆయిలు రంగు చూడండి, విప్పనివ్వనంటే కారణం ఊహించడం కష్టం కాదు. సొంత వాడకం బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత 5 ఏళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి కాబట్టి ఆర్సీలో గడువు చూడండి, ఛాసిస్ మీద కొట్టిన నంబరు దానితో సరిపోతుందో లేదో చూడండి. ఆ అంకెలు చదవలేనంతగా తుప్పులో కలిసిపోయి ఉంటే పొడిగింపు వేళ మీకు చిక్కులు తప్పవు, ఎంత తక్కువకు ఇస్తానన్నా ఆ బండి కొనవద్దు.