సమాధానం: క్రైస్తవ ఓటు కథ 1973 తీర్పుతోనే మొదలైందా?

1973లో అబార్షన్‌ను హక్కుగా గుర్తిస్తూ సుప్రీంకోర్టు తీర్పు (రో వర్సెస్ వేడ్) రాగానే అమెరికాలో సంప్రదాయ క్రైస్తవులు రాజకీయాల్లోకి దిగారని మీ సెమినార్ పేపర్‌లో రాస్తే గైడ్ గారు కొట్టేశారన్నారు కదా. ఆయన చెప్పింది సరైనదే. టెన్షన్ పడకండి, ఆ తీర్పుకీ, వాళ్లు సంస్థగా రాజకీయాల్లోకి దిగిన 1979కీ మధ్య ఏం జరిగిందో చేరిస్తే చాలు.

1971లో సదరన్ బాప్టిస్టుల (అమెరికాలో అతిపెద్ద ప్రొటెస్టెంట్ శాఖ) తీర్మానం చూడండి. అత్యాచారం, పిండంలో తీవ్రమైన లోపం, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యానికి ముప్పు లాంటివి ఉంటే అబార్షన్‌కు చట్టం వీలివ్వాలని వాళ్లే అడిగారు! అప్పట్లో గట్టిగా వ్యతిరేకించింది కాథలిక్కులు. ప్రొటెస్టెంట్ పాస్టర్లలో చాలామందిని కదిలించింది పన్ను గొడవ. జాతివివక్ష పాటించే ప్రైవేటు స్కూళ్లకు పన్ను మినహాయింపు ఉండదని ప్రభుత్వం తేల్చింది, నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య డేటింగ్‌ను నిషేధించిన బాబ్ జోన్స్ అనే క్రైస్తవ యూనివర్సిటీకి 1976లో ఆ మినహాయింపు తీసేసింది, తర్వాత 1983లో సుప్రీంకోర్టు 8-1తో దాన్నే ఖాయం చేసింది. ఈ పన్ను గొడవ వేడిలోనే 1979లో బాప్టిస్టు పాస్టర్ జెర్రీ ఫాల్వెల్ మోరల్ మెజారిటీ అనే సంప్రదాయ క్రైస్తవ రాజకీయ సంస్థ పెట్టారు, మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి రీగన్ వెనక నిలబడ్డారు. అయితే పన్ను ఒక్కటే కారణమని రాయకండి, ప్రభుత్వ బళ్లు ప్రార్థన చేయించకూడదన్న 1962, 63 సుప్రీంకోర్టు తీర్పుల మీద కోపం కూడా ఉంది.

ప్రభుత్వ విధానానికి ఉదాహరణగా 1984 మెక్సికో సిటీ పాలసీ తీసుకోండి. విదేశీ ఎన్జీవో తన సొంత డబ్బుతో అబార్షన్ సలహా ఇచ్చినా అమెరికా కుటుంబ నియంత్రణ నిధులు ఆగిపోతాయి. డెమోక్రాట్లు వస్తే ఎత్తేస్తారు, రిపబ్లికన్లు వస్తే మళ్లీ పెడతారు, దెబ్బ మాత్రం అమెరికాలో ఓటే లేని పేద దేశాల ఆడవాళ్లకు. దీనికి రెండు పేరాలు కేటాయించండి. 1973 తీర్పును కొట్టేసిన 2022 డాబ్స్ తీర్పు అందరూ రాసేదే, ఒక్క వాక్యం చాలు.