బొంత సంగతి మీ భర్త మాట్లాడాలి

బెంగళూరు మారతహళ్ళి నుంచి రాసిన సోదరికి,

ముందుగా మీ ఉత్తరంలోని విషయాన్ని పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాను. నరసరావుపేటలో ఉండే మీ అత్తగారు మీ అబ్బాయి బారసాలకు తన పాత నూలు చీరలతో స్వయంగా బొంత కుట్టి తెచ్చారు. ఏడాది లోపు బిడ్డను వదులుగా ఉండే దుప్పట్లతో పడుకోబెట్టవద్దని పిల్లల డాక్టరు చెప్పినందువల్ల మీరు దానిని అటక మీద పెట్టారు. తరువాత ఇల్లు మారేటప్పుడు పాత బట్టలతో కలిపి పనిమనిషికి ఇచ్చేశారు. మొన్న సంక్రాంతి వెళ్ళాక మీ ఇంటికి వచ్చిన అత్తగారు, పనిమనిషి కూతురు ఆ బొంత పరుచుకుని కూర్చుని ఉండగా చూసి, ఒక్క మాటా అనకుండా మరునాడే ప్రయాణం కట్టారు. అప్పటి నుంచి మీ ఫోను ఎత్తడం లేదు. బొంతను వెనక్కి తీసుకోవాలా, లేక ఒక మైసూరు పట్టుచీర పంపితే సరిపోతుందా అని మీరు అడిగారు.

రెండూ వద్దు. చేతులారా ఇచ్చిన దానిని ఒక పసిపిల్ల దగ్గర నుంచి లాక్కోవడం మీకు మర్యాద కాదు, అలా తెచ్చిన బొంతను చూసి మీ అత్తగారు సంతోషించరు కూడా. మైసూరులో 1912 నుంచి నేస్తున్న పట్టు మంచిదే, కానీ ఇప్పుడు ఆ చీర పంపితే బొంతకు వెల కట్టి చెల్లించినట్టు అవుతుంది. ఆవిడ ఆ పెట్టె తెరవకుండానే బీరువాలో పడేస్తే నేను ఆవిడను తప్పుపట్టను.

బొంత ఎలా తయారవుతుందో మీ ఇంట్లోనూ చూసే ఉంటారు. ఏళ్ళ తరబడి ఉతికి మెత్తబడిన చీరలను మాత్రమే ఏరి, గంజి పోయేలా జాడించి ఆరవేసి, పొర మీద పొర ముడత లేకుండా పరిచి, నేల మీద వంగి కూర్చుని దగ్గర దగ్గరగా కుట్టు వేసుకుంటూ పోవాలి. అరవై దాటిన మనిషికి ఆ పనిలో నడుమూ కళ్ళూ రెండూ నొప్పి పెడతాయి. కొత్త బట్ట పసిబిడ్డ ఒంటికి గరుకు అని మన పెద్దవాళ్ళు ఎరిగిన సంగతి కనుకనే ఆవిడ దుకాణానికి పోకుండా పెట్టె తెరిచారు. మంగళగిరి చీరల అంచులతో పాటు ఒక మూల 'వెలిసిపోయిన తెల్ల పంచె ముక్క' కూడా ఉండేదని మీరే రాశారు. పెళ్ళయిన ఏడాదికే మామగారు పోయారని కూడా మరో చోట రాశారు. ఆ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి ఒకసారి చదవండి. తాత చూడని మనవడికి తాత పంచె అందాలని ఆవిడ అనుకుని ఉంటారని నేను నమ్ముతున్నాను.

ఆ పంచెను మీరు గుర్తుపట్టకపోవడం సహజం, ఎందుకంటే ఆ ఇంట్లో మీరు మెలిగింది కొద్ది నెలలే. కానీ మీ భర్త ఆ పంచె కట్టుకున్న మనిషి చేయి పట్టుకుని పెరిగారు. అలాంటి మనిషి మీ ఉత్తరం మొత్తంలో రెండే చోట్ల కనిపిస్తారు: మూటలు కట్టేటప్పుడు 'అక్కర్లేనివన్నీ ఇచ్చెయ్' అన్నారు, తల్లి వెళ్ళిపోయాక 'పది రోజులు పోతే అమ్మే సర్దుకుంటుంది' అన్నారు. డాక్టరు చెప్పిన మాట సరైనదే. ఆ మాటను తల్లికి నచ్చజెప్పి, 'బాబు కాస్త పెద్దయ్యాక వాడతాం, అంతవరకు జాగ్రత్తగా దాస్తాం' అని కొడుకుగా ఆయన చెప్పి ఉంటే, ఆ బొంత అటకెక్కేది కాదు. మన ఇళ్ళలో ఇది కొత్త కాదు. తల్లితో మాట్లాడవలసిన ప్రతి ఇబ్బందికరమైన మాటనూ కొడుకు భార్యకు వదిలేస్తాడు, ఆ మాట చెడితే కోడలు చెడ్డదవుతుంది. నాకు ఈ పద్ధతి మీద చాలా కోపం ఉంది. మీరు దానిని ఇంకా మోయవద్దు.

మీ వంతు మీది. చూడకుండా ఇచ్చేసినందుకు మీ అత్తగారికి స్వయంగా ఒక ఉత్తరం రాయండి. అందులో డాక్టరు ప్రస్తావన గానీ, ఇల్లు మారే హడావుడి గానీ తేవద్దు, 'అత్తయ్యగారూ, ఆ బొంత విలువ తెలియక ఇచ్చేశాను, నన్ను క్షమించండి' అంటే చాలు. ఆ తరువాత రోజూ ఫోను చేసి బతిమాలవద్దు, మళ్ళీ ఒకటి కుట్టి పెట్టమని అసలే అడగవద్దు. ఆవిడకు మనసైతే ఆవిడే సూది పట్టుకుంటారు.

మిగిలింది మీ భర్త పని. శుక్రవారం రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఊళ్ళో దిగవచ్చు. నాన్న పంచె కంటి ముందే మూటలోకి పోతున్నా తాను చూడలేదని తల్లికి ఆయనే చెప్పాలి. తీరిక లేదంటే, సెలవు పెట్టమని గట్టిగా అడగండి. బాబును వెంట తీసుకువెళ్ళనివ్వండి. మీరు మాత్రం ఈసారికి బెంగళూరులోనే ఉండండి. మీరు పక్కన ఉంటే ఆయన మళ్ళీ మీ వైపే చూస్తారు, మాట్లాడే పని మళ్ళీ మీ మీదే పడుతుంది.