రోజూ మూడు పెగ్గులు, నొప్పి మాత్రం ఏమీ లేదు: లివర్ పాడైనట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పదకొండేళ్లుగా రోజూ రాత్రి మూడు లార్జ్ పెగ్గులు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో, లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలోకి చేరే ఎంజైములు ఎస్‌జీఓటీ 148, ఎస్‌జీపీటీ 61 వచ్చాయి. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అని రాశారు. నొప్పి లేదు, ఆకలి బాగానే ఉంది. రేపటి నుంచే పూర్తిగా మానేద్దామనుకుంటున్నారు, మానేస్తే లివర్ మళ్ళీ మామూలవుతుందా అని అడిగారు.

ముందు ఆ "రేపటి నుంచే" దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మానాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ డాక్టర్‌ని కలవకుండా ఉన్నపళంగా మానకండి. ఎందుకో చెబుతాను, అది నా మీదికొచ్చిన సంగతే.

నేను డాక్టర్‌ని కాను. నలభై ఆరేళ్లవాణ్ణి, సిర్రోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) ఉన్నవాణ్ణి, నాలుగేళ్లుగా చుక్క ముట్టనివాణ్ణి. అంతకుముందు పద్నాలుగేళ్లు తాగాను. రెండు పెగ్గులతో మొదలై చివరికి ఐదారు దాకా వచ్చింది. ఎప్పుడూ రోడ్డు మీద పడలేదు, ఆఫీసుకు ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళలేదు, ఇంట్లో గొంతు పెంచలేదు. కాబట్టి నేను తాగుబోతును కాననే లెక్కలో ఉండేవాణ్ణి. లివర్‌కు ఈ మర్యాదలేవీ తెలియవు. దానికి తెలిసింది గ్రాములే. 40 శాతం ఆల్కహాల్ ఉన్న మందు 60 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 19 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మీ మూడు పెగ్గులంటే 57 గ్రాములు. 5 శాతం బీరైనా 650 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములకు పైనే. ఖరీదైన బ్రాండా, బీరా, వైనా అన్నది నాలుకకు తేడా గానీ లివర్‌కు కాదు. లివర్ గంటకు అటూఇటూగా 7 నుంచి 10 గ్రాములు మాత్రమే విరగ్గొట్టగలదు. అంటే రాత్రి తొమ్మిదింటికి మీరు గ్లాసు కింద పెట్టి పడుకున్నా, అది తెల్లవారుజాము దాకా ఆ పనిలోనే ఉంటుంది. మళ్ళీ రాత్రికి కొత్త సరుకు. చన్నీళ్ల స్నానం, కాఫీ, నిమ్మరసం, ఇవేవీ ఆ వేగాన్ని పెంచవు.

నేను చేసిన పెద్ద తెలివితక్కువ పని ఒకటుంది. బహుశా చాలామంది చేస్తారు, ఎవరూ చెప్పుకోరు. ఏటా హెల్త్ చెకప్‌కు పది రోజుల ముందు తాగుడు బాగా తగ్గించేసేవాణ్ణి, రాత్రికి ఒక్క పెగ్గు, అంతే. రక్తంలోకి చేరిన ఎస్‌జీఓటీ ఒక రోజులోపే సగానికి తగ్గుతుంది. ఎస్‌జీపీటీకి రెండు రోజులు పడుతుంది. పది రోజులు గడిచాక చూస్తే రెండూ నార్మల్‌కు దగ్గరగా వచ్చేసేవి. ఆ కాగితం పట్టుకుని, "చూశావా, అంతా బాగుంది" అని మా ఆవిడకు చూపించి, ఆ రాత్రే సీసా తెరిచేవాణ్ణి. జీజీటీ అని ఇంకో ఎంజైమ్ ఉంది. అది అంత తొందరగా దిగదు, సగానికి రావడానికే రెండు మూడు వారాలు కావాలి. నా రిపోర్టుల్లో అది ఏటా ఎక్కువగానే ఉంది, పక్కన స్టార్ గుర్తు కూడా ఉంది. నేను ఆ వరుస చదవనే లేదు.

అసలు ఈ ఎంజైములు చెప్పేది కణాలు ఇప్పుడు ఎంత పగులుతున్నాయన్నదే. లివర్ ఇంకా ఎంత మిగిలి ఉందన్నది వాటివల్ల తెలియదు. సిర్రోసిస్ వచ్చినవాళ్లలో కూడా అవి ఒక్కోసారి నార్మల్‌గానే ఉంటాయి. ఈ ఒక్క మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

నన్ను పట్టించింది వేరే గుర్తు. ఏదో స్కిన్ ఎలర్జీ అని వెళితే, డాక్టరమ్మ చొక్కా గుండీలు విప్పమని ఛాతీ మీద ఒక ఎర్రటి చుక్క చూశారు. నేను దాన్ని నెలల తరబడి దోమకాటు అనుకుంటున్నాను. పెన్ను మొనతో ఆ చుక్క మధ్యలో నొక్కారు. ఎరుపంతా పోయి తెల్లబడింది. పెన్ను తీయగానే మధ్య నుంచి సన్నటి కాళ్లలా రక్తం మళ్ళీ చుట్టూ పాకింది, సాలీడు కాళ్లు చాపినట్టు. తర్వాత నా రెండు అరచేతులూ తిప్పి చూశారు, అంచులు ఎర్రగా ఉన్నాయి. "రోజుకు ఎంత తాగుతారు?" అని అడిగారు. తాగుతారా అని అడగలేదు.

ఆవిడ రాసిన టెస్టుల్లో ప్లేట్‌లెట్లు 1,18,000 వచ్చాయి. లివర్‌కూ ప్లేట్‌లెట్లకూ ఏం సంబంధం అనుకున్నాను. లివర్ మచ్చలు కట్టి గట్టిపడితే, పేగుల నుంచి దానిలోకి వచ్చే రక్తానికి దారి ఇరుకవుతుంది. ఆ ఒత్తిడి వెనక్కి తన్ని ప్లీహం వాస్తుంది, వాచిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలోనే పట్టి ఉంచుకుంటుంది. మద్యం సొంతంగా కూడా ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది, అందుకే ఆ ఒక్క అంకెతో తేల్చకుండా, లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌కు పంపారు. చేయి తల వెనక పెట్టుకుని పడుకుంటే పక్కటెముకల మధ్య జెల్ రాసి ఒక పరికరం ఆనిస్తారు. వేలితో టక్కున మీటినట్టు పదిసార్లు తడుతుంది, నొప్పేమీ ఉండదు. మామూలు లివర్‌కు 5, 6 కిలోపాస్కల్స్ దగ్గర రావాలి. నాకు 24 వచ్చింది.

నొప్పి ఎందుకు రాదంటే, లివర్ లోపల నొప్పి తెలిపే నరాలు లేవు. పైన కప్పిన పలచటి పొరకే ఉన్నాయి. లివర్ బాగా వాచి ఆ పొర సాగినప్పుడు కుడి పక్కటెముకల కింద బరువుగా, మందంగా అనిపిస్తుంది, అదీ అందరికీ కాదు. లోపల జరిగేది ఇది: ఆల్కహాల్ ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది. దాన్ని మళ్ళీ నిరపాయకరంగా మార్చే పని కూడా లివర్‌దే. ఈ పని నెత్తిన పడితే కొవ్వును ఖర్చుచేసే పని మూలపడి, కొవ్వు కణాల్లోనే పేరుకుంటుంది. అదే ఫ్యాటీ లివర్. రోజుకు 60 గ్రాములు దాటి ఏళ్ల తరబడి తాగేవాళ్లలో దాదాపు 90 శాతం మందికి ఇది ఉంటుంది, మీరూ ఆ గీత అంచున ఉన్నారు. తర్వాత కొందరిలో వాపు, ఆ వాపు మానిన చోటల్లా మచ్చ. ఎక్కువగా తాగేవాళ్లలో వందకు పది, ఇరవై మంది సిర్రోసిస్ దాకా వెళ్తారు. ఆ ఇరవైలో ఎవరుంటారో ముందే చెప్పే పరీక్ష లేదు. అధిక బరువు, షుగర్, హెపటైటిస్ బి లేదా సి ఉంటే మాత్రం ఆ దారి దగ్గరవుతుంది. ఆడవాళ్లలో తక్కువ మోతాదుకే అదే నష్టం జరుగుతుంది. నాతో సమానంగా తాగిన నా స్నేహితుడు ఒకడికి ఫ్యాటీ లివర్ తప్ప ఏమీ లేదు. వాణ్ణి చూసి ధైర్యం తెచ్చుకుని ఏళ్లు గడిపాను.

ఇప్పుడు మీ రిపోర్టు. మీ ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెండింతలు పైన ఉంది. మామూలు ఫ్యాటీ లివర్‌లో తరచుగా ఎస్‌జీపీటీదే పైచేయి. ఇలా తిరగబడితే డాక్టర్లు ముందు అనుమానించేది మద్యాన్నే. తాగేవాళ్లలో బి6 విటమిన్ తక్కువై ఎస్‌జీపీటీ పెద్దగా పెరగకపోవడం దీనికి ఒక కారణం. అయితే మీరు ఏ దశలో ఉన్నారో ఈ రెండు అంకెలు చెప్పవు. బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత సరిగ్గా గడ్డకడుతుందో చూసేది), ప్లేట్‌లెట్లు, హెపటైటిస్ బి, సి, ఫైబ్రోస్కాన్ ఇవి చేయించుకోండి. కొవ్వు దశలోనే ఉంటే మీ ప్రశ్నకు జవాబు అవుననే. తాగడం ఆపిన కొన్ని వారాల్లోనే మద్యం వల్ల చేరిన కొవ్వు చాలావరకు పోతుంది. మచ్చలు మొదలై ఉంటే నెలలు, ఏళ్లు పడుతుంది, పూర్తిగా పోకపోవచ్చు.

మానడం సంగతికి వద్దాం. ఫైబ్రోస్కాన్ చూశాక డాక్టరమ్మ "అడ్మిట్ అయి మానితే మంచిది" అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. ఆదివారం రాత్రి సీసా సింకులో వంచేసి ఇంట్లోనే మొదలుపెట్టాను. సోమవారం సాయంత్రానికి చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాను, వేళ్లు నా మాట వినలేదు. మంచినీళ్లు రెండు చేతుల్తో పట్టుకుని తాగాను. మంగళవారం రాత్రి గోడ మీద చీమలబారు కనిపించింది. తువ్వాలు తెచ్చి తుడుస్తూ కూర్చున్నాను. "అక్కడేం లేవండీ, పడుకోండి" అని మా ఆవిడ అంటుంటే, కళ్లు కనపడట్లేదా అని ఆమె మీద అరిచాను. పద్నాలుగేళ్లలో తాగి అరవనివాణ్ణి, తాగకుండా అరిచాను. తనే ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారట. రోజూ మద్యానికి అలవాటుపడ్డ మెదడు అది ఉన్నట్టుండి ఆగితే అదుపు తప్పుతుంది. మొదటి రోజే వణుకు, రెండు రోజుల్లోపు ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఈ మతిభ్రమ. సరైన వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆస్పత్రిలో ముందు థయమిన్, అంటే బి1 ఇంజెక్షన్ చేసి, ఆ తర్వాతే గ్లూకోజ్ ఎక్కించారు. మీరు తాగేది మూడు పెగ్గులే కాబట్టి ఇంత రాకపోవచ్చు. కానీ పొద్దున లేవగానే చేతులు వణకడం, చెమటలు పట్టడం, ఒకరోజు తాగకపోతే నిద్ర పట్టకపోవడం, ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ రావడం వీటిలో ఏది ఉన్నా ఇంట్లో ప్రయోగం చేయకండి.

ఆ వార్డులో నా పక్క మంచం మీద ఒక పెద్దాయన. చేతులు పుల్లల్లా ఉండేవి, పొట్ట మాత్రం నిండుగర్భిణికిలా. పొట్టకు సూది పెట్టి నీళ్లు తీశారు, సంచి నిండాక ఇంకో సంచి పెట్టారు. ఆయన కూతురు రోజూ పొద్దున ఒక నోట్‌బుక్ ఇచ్చి సంతకం చేయించేది. ఎందుకమ్మా అంటే పాత పేజీలు తిప్పి చూపించింది. సంతకం వంకర తిరిగిన రోజల్లా, సాయంత్రానికి ఆయన ఎక్కడున్నదీ మరిచిపోయాడట. లివర్ వడకట్టలేని విషాలు మెదడుకు ఎక్కడం వల్ల అలా అవుతుందట. అందుకే మలబద్ధకం రానివ్వకుండా లాక్టులోజ్ తాగిస్తారు. రెండు పూటలు సరిగ్గా విరేచనం కాకపోతే ఆ పిల్ల ముఖంలో టెన్షన్ కనిపించేది.

మందు మానడానికి మందులున్నాయి (మన భాషలో రెంటికీ ఒకటే మాట ఉండటం ఎవరి చమత్కారమో). కానీ లివర్ పరిస్థితి చూసి డాక్టర్ ఎంచాలి. డైసల్ఫిరామ్ మాత్రలను తెలియకుండా భోజనంలో కలిపిపెట్టే ఇళ్లు ఉన్నాయి, ఆ పని మాత్రం వద్దు. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే ప్రాణం మీదికి వస్తుంది, పైగా అది లివర్‌నూ దెబ్బతీయగలదు. లివర్ టానిక్కులు నేనూ సీసాలకు సీసాలు తాగాను, ఒక చేత్తో టానిక్కు, ఇంకో చేత్తో పెగ్గు. వాటివల్ల మచ్చలు పోవు. కొన్ని మూలికల మందులు లివర్‌కే హాని చేస్తాయి. తలనొప్పికి పారాసిటమాల్ వేసుకునేముందు కూడా, రోజూ తాగుతానని డాక్టర్‌కు చెప్పండి. మనకు సురక్షితమైన మోతాదు అందరికంటే తక్కువ.

నా లెక్క ఇప్పటికి: ఆరు నెలలకు ఫైబ్రోస్కాన్ 17, ఈమధ్య 14.5. మొదటి అంకెలో కొంత వాపుదేనట, తాగడం ఆపగానే దిగింది. మిగిలింది మచ్చ. ఎండోస్కోపీలో ఆహారనాళంలో చిన్న సైజు ఉబ్బు సిరలు కనిపించాయి, అవి పగలకుండా రోజూ ఒక మాత్ర. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు లివర్ క్యాన్సర్ ముప్పు ఉంటుంది కాబట్టి ఆరు నెలలకోసారి స్కానింగ్. మెట్లెక్కితే ఆయాసం లేదు, ఆఫీసుకు వెళ్తున్నాను.

వారానికి ఒక్క పెగ్గు తాగొచ్చా అని మీరు తర్వాత అడుగుతారు, నేనూ అడిగాను. సిర్రోసిస్‌లో సున్నా తప్ప ఏదీ లేదన్నారు. మీ ఫైబ్రోస్కాన్ బాగా వస్తే మీ డాక్టర్ వేరే మాట చెప్పొచ్చేమో గానీ, నాలాంటివాడికి ఆ ఒక్కటి ఎప్పుడూ ఒక్కటిగా ఆగలేదు.

ఇంకొకటి. డాక్టర్ దగ్గరికి ఈ ఒక్క రిపోర్టే కాదు, ఇంట్లో ఉన్న పాతవన్నీ పట్టుకెళ్ళండి. నావి మూడేళ్లవి బల్ల మీద వరుసగా పెట్టి డాక్టరమ్మ ప్లేట్‌లెట్ల దగ్గర పెన్ను ఆనించారు: 2,24,000, 1,86,000, 1,57,000. మూడింటి పక్కనా నార్మల్ అనే ఉంది.